వెల్వెట్ అండర్‌గ్రౌండ్ మొదటి ఆల్బమ్: 1967లో ముంచింది విమర్శకులా, కంపెనీయా?

పాతరికార్డు:
అమెరికన్ రాక్ బ్యాండ్ వెల్వెట్ అండర్‌గ్రౌండ్, గాయని నికోతో కలిసి చేసిన ‘ద వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అండ్ నికో’ గురించి ఎవరు రాసినా అదే పాట: విమర్శకులకి అర్థం కాలేదు, జనం కొనలేదు. మార్చి 1967లో వచ్చి బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలో 171వ స్థానం దాటలేదన్న మాట నిజమే. కానీ నింద విమర్శకుల మీద వేస్తే ఒప్పుకోను. తిట్టాలన్నా ముందు వినాలి కదా! మత్తుమందు మీద, కొరడా దెబ్బల మీద పాటలున్న రికార్డుని రేడియోవాళ్ళు దగ్గరికి రానివ్వలేదు. రాక్ సమీక్ష అనేదే అప్పుడప్పుడే మొదలైంది. రోలింగ్ స్టోన్ తొలి సంచిక ఆ నవంబరులో గానీ రాలేదు.

చార్టుపిచ్చి:
తేదీలు చూడండి. మే 13న 199లో ఎక్కింది, జూన్ 10న 195లో ఉండి దిగిపోయింది. కారణం అట్ట. వెనకవైపు ఫోటోలో బ్యాండ్ మీద తలకిందులుగా పడిన బొమ్మ నటుడు ఎరిక్ ఎమర్సన్‌ది. అనుమతి లేకుండా వాడారని అతను డబ్బడిగాడు. రికార్డు కంపెనీ ఎంజీఎం ఇవ్వకుండా కాపీలు వెనక్కి తెప్పించి, కొన్నిటికి నల్ల స్టిక్కరు అంటించి, తర్వాతి ముద్రణలో బొమ్మే చెరిపేసింది. నవంబరు 18న మళ్ళీ 182లో ఎక్కింది, డిసెంబరు 16న 171కి చేరింది. ఆ మధ్య నెలలన్నీ పోయినట్టే.

ఇక అందరూ వల్లించే ‘30 వేల కాపీలు’, బ్యాండ్ గాయకుడు లూ రీడ్ తనతో అన్నాడని సంగీతకారుడు బ్రయన్ ఈనో 1982లో చెప్పిన లెక్క. ఎంజీఎం రాయల్టీ పత్రంలో 1969 ఫిబ్రవరి 14 నాటికి 58,476 ఉంది. హిట్టు కాదు గానీ, ఎవరూ ముట్టని రికార్డూ కాదు.

రెండోతీగ:
కంపెనీ తప్పుందండీ, కాదనను. కానీ దాన్ని విడుదల చేసిన ఎంజీఎం శాఖ వెర్వ్ కంటే ముందే కొలంబియా, అట్లాంటిక్, ఎలెక్ట్రా వద్దన్నాయిగా? అట్లాంటిక్‌కి మత్తుమందుల ప్రస్తావన నచ్చలేదు, ఎలెక్ట్రాకి బ్యాండ్‌లో జాన్ కేల్ వాయించే వియోలా (వయొలిన్ కంటే కాస్త పెద్దది) నచ్చలేదు. అంటే విన్నాకే వద్దన్నారు. కేల్ వియోలా బ్రిడ్జిని (తీగల్ని ఎత్తిపట్టే చెక్కని) చదునుగా అరగదీసి, గిటార్, మాండలిన్ తీగలు బిగించాడు. మూడు నాలుగు తీగలు ఒకేసారి మోగుతాయి. ఆ రొద ఇప్పటికీ చాలామందికి పడదు.

మీటర్‌గేజ్:
తంబుర శ్రుతికి అలవాటు పడిన మన చెవికి అదేం కొత్త?

రెండోతీగ:
తంబురలో పంచమం ఉంటుంది, పైగా అది పాటకి వెనక నిలబడుతుంది. ఈ ఆల్బమ్‌లోని ‘ఆల్ టుమారోస్ పార్టీస్’ పాటలో రీడ్ గిటార్‌కి పంచమం లేదు, ఆరు తీగలూ డీ స్వరమే. శ్రుతే ముందుకొచ్చి కూర్చుంటుంది.

ఇంట్లో ప్రయత్నించేవాళ్ళకి: 10-46 గిటార్ తీగల సెట్లో (అంకెలు తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఆరోది, ఒకటోది రెండు సెమీటోన్లు దించాలి, రెండోది మూడు ఎక్కించాలి, నాలుగోది అలాగే. చిక్కంతా ఐదుతో, మూడుతో. ఐదోదాన్ని ఐదు సెమీటోన్లు లాగితే తెగొచ్చు. మూడోదాన్ని ఐదు దించితే వదులై ఫ్రెట్ల మీద గరగరలాడుతుంది. రెండుచోట్లా నాలుగో తీగ గేజే, అంటే .026 వేయండి. నట్‌లో (గిటార్ మెడ చివర తీగల గాళ్ళున్న పట్టీ) మూడో గాడి దానికి ఇరుకు, దాన్ని కాస్త అరగదీయక తప్పదు. పాత నట్ దాచుకోండి.

పాతరికార్డు:
బాగుంది, కానీ వాదన అది కాదుగా. మూడు కంపెనీలు విన్నది 1966 ఏప్రిల్‌లో సెప్టర్ స్టూడియోలో గబగబా చేసిన రికార్డింగు. ఆ తర్వాత వెర్వ్ నిర్మాత టామ్ విల్సన్ మే నెలలో హాలీవుడ్ టీటీజీ స్టూడియోలో మూడు పాటలు మళ్ళీ చేయించాడు, ‘సండే మార్నింగ్’ నవంబరులో కలిసింది. నిర్మాతగా అట్ట మీద చిత్రకారుడు ఆండీ వార్‌హోల్ పేరుంది గానీ, మీటల దగ్గర కూర్చున్నది వేరేవాళ్ళు.

చార్టుపిచ్చి:
ఆ పేరు వల్లే బ్యాండ్ జోలికి ఎవరూ రాలేదు, అది చిన్న సాయమా? ‘హెరాయిన్’ పాటలో ఐదో నిమిషం దాటాక మో టక్కర్ డ్రమ్ము ఆగుతుంది. మిగతావాళ్ళ వాయిద్యాలు వినపడక ఆపేసిందామె. వాళ్ళు ఆగలేదు, ఆమె మళ్ళీ అందుకుంది. మామూలు నిర్మాతైతే ఇంకో టేకు అడిగేవాడు.

మీటర్‌గేజ్:
ఏ కాపీ విని మాట్లాడుకుంటున్నామో కూడా చెప్పండి. 80ల సీడీలో ‘ఆల్ టుమారోస్ పార్టీస్’లో నికో గొంతు ఒక్కటే, ఎల్పీలో రెండు పొరలు. 2012 ఆరు డిస్కుల సెట్లో మోనో, సెప్టర్ ఎసిటేట్ (ఆ తొలి రికార్డింగు నమూనా డిస్కు) రెండూ ఉన్నాయి. కంపెనీలు వద్దన్నదేమిటో తేల్చుకోవాలంటే ఆ ఎసిటేటే వినాలి.