పుస్సాన్ చివరి సిరా బొమ్మలు: మెచ్చుకోవాలా, జాలిపడాలా?

నదిఒడ్డు: పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న ‘అపోలో, డాఫ్నీ’ పెయింటింగ్ కోసం పదిహేడో శతాబ్దపు ఫ్రెంచ్ చిత్రకారుడు నికొలా పుస్సాన్ సిరాతో వేసుకున్న బొమ్మల ఫొటోలు చూస్తున్నాను. గీత నిలకడగా లేదు. ముసలితనంలో చెయ్యి వణుకుతోందని ఆయనే ఉత్తరాల్లో రాసుకున్నాడు. వీటిని మనం మెచ్చుకునేది కళను చూసా, పేరు చూసి జాలితోనా?

తెల్లకాగితం: జాలే అంటాను. అదే మనిషి 1622-23 ప్రాంతంలో ఇటాలియన్ కవి మరీనో కోసం, ప్రాచీన రోమన్ కవి ఓవిడ్ కథలకు వేసిన బొమ్మలు ఇంగ్లండులోని విండ్సర్ కోటలో ఉన్నాయి. చెట్టుగా మారిపోయిన మిర్రాకు అడోనిస్ పుట్టే బొమ్మ చూడండి. గీత అనుకున్న చోటికే వెళ్లింది. సిరా బొమ్మకు గీతే ప్రాణం. అది పోయాక మిగిలేదేముంది?

కలంపోటు: తెల్లకాగితం గారూ, నేనూ సిరాలో ముంచే కలంతో సాధన చేస్తాను. ఆ రోజుల్లో మాచికాయల కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణం కలిపి సిరా చేసేవారు. అది కాగితంలోకి దిగిపోతుంది, చెరపలేం. చెయ్యి ఒక్క క్షణం తడబడినా అక్కడ చుక్క ఊరి కూర్చుంటుంది. కాబట్టి వణుకును దాచే దారి ఆయనకు లేదు. అయినా నీళ్లు కలిపిన సిరాను కుంచెతో పరిచి, ఆ నీడలతోనే మనుషుల్ని నిలబెట్టాడు.

ఇక ఘట్టం చూడండి. గ్రీకు పురాణంలో దేవుడు అపోలో తరుముతుంటే వనకన్య డాఫ్నీ చెట్టుగా మారడం అందరూ పట్టుకునేదే, ఇటాలియన్ శిల్పి బెర్నీని 1622-25లో చెక్కిందీ అదే. పుస్సాన్ ఆ పరుగునే తీసేశాడు. అపోలో ఒక పక్క కూర్చునే ఉంటాడు. వెనక మెర్క్యురీ అనే మరో దేవుడు ఆయన బాణం దొంగిలిస్తుంటాడు. డాఫ్నీ ఆ చివర తండ్రి పెనియస్‌ను, అంటే నదీదేవుణ్ణి, వాటేసుకుని ఉంటుంది. ఇద్దరి మధ్యా అంత ఎడం! ఆ ఎడం పెట్టడంలో మాత్రం ఏ తడబాటూ లేదండీ.

తెల్లకాగితం: అది కూర్పు గొప్పతనం, గీతది కాదు. రెండూ కలిపేస్తే ప్రతి వంకరగీతకూ ఒక కథ చెప్పుకోవచ్చు.

కలంపోటు: నిజమే, వణుకును అందమని నేనూ అనను. ‘మిగిలేదేముంది’ అన్నారే, ఆ మాట దగ్గరే నా పేచీ.

నదిఒడ్డు: ఆ పెయింటింగ్ పూర్తి కాకుండానే 1664లో, తర్వాత కార్డినల్ (క్యాథలిక్ చర్చి పెద్ద) అయిన కమిల్లో మాస్సిమికి ఇచ్చేశాడు. మరుసటి ఏడాది నవంబరులో పోయాడు. మరీనో బొమ్మలు చేరిందీ ఆ మాస్సిమి దగ్గరికే. ఈ రాత్రి రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని, తండ్రి మెడ చుట్టూ ఉన్న డాఫ్నీ చేతుల్ని మళ్లీ చూస్తాను.