పాత రీళ్లు మూడు చేతికొచ్చాయి, మెరిపించాలా, ఇలాగే ఉంచాలా?

కొత్తగాలం:

అందరికీ నమస్కారం. చేపల వేట నాకు ఏళ్లుగా అలవాటే గానీ పాత రీళ్లు, అంటే గాలపు కర్రకి బిగించి దారం చుట్టే యంత్రాలు, సేకరించడం, వాటిని బాగుచేసుకోవడం అనే పనిలోకి ఇప్పుడే వస్తున్నాను. నాకు బాగా తెలిసిన పెద్దాయన ఒకరు మోకాళ్లు సహకరించక, ఇక నీళ్ల ఒడ్డుకు రాలేను బాబూ అని తన పెట్టె మొత్తం నా చేతిలో పెట్టారు. అందులో మూడు రీళ్లున్నాయి.

ఒకటి ఎర్రటి అంబాసిడర్ 5000, స్వీడన్‌లో చేసింది, తోలు కేసుతో సహా ఉంది. రీలు తిరుగుతోంది, కానీ దారాన్ని స్పూల్ (దారం చుట్టుకునే చక్రం) మీద అటూ ఇటూ పరిచే ముక్క ఒక అంచుకెళ్లి అక్కడే నిలబడిపోతోంది. రెండోది నల్లటి మిచెల్ 300, ఫ్రాన్స్ రీలు. దీని హ్యాండిల్ తిప్పుతుంటే తారులో కర్ర తిప్పినట్టుంది. మూడోది పెన్ అనే అమెరికా కంపెనీ వాళ్ల సెనేటర్, సముద్రంలో బాగా వాడినట్టుంది, అంచులంతా కిలుము పట్టి పచ్చగా ఉంది, పక్క పలకల స్క్రూలు అసలు కదలట్లేదు.

వీడియోల్లో చూస్తే చాలామంది విప్పేసి, వెనిగర్‌లో నానబెట్టి, మెటల్ పాలిష్ పెట్టి అద్దంలా చేసేస్తున్నారు. చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఎర్ర రీలు మీద ఆయన బొటనవేలు ఆనించి ఆనించి రంగు పోయిన చోటు ఒకటుంది, ఆయన వేటాడుతుంటే ఆ వేలు అక్కడే ఉండడం నేను కళ్లారా చూశాను, అది చెరిపేయడానికి చెయ్యి రావట్లేదు. అలాగని కిలుముతో వదిలేస్తే లోపల తినేస్తుందేమో అని టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది చేయకూడదు, కాస్త చెప్పండి.

ఇత్తడిచక్రం:

ముందు ఆ వెనిగర్ సీసా పక్కన పెట్టేయండి బ్రదర్. మూడు రీళ్లకూ మూడు రకాల పూతలు, ఒకే మందు మూడింటికీ పనికిరాదు. ఎర్రదానికి ఉన్నది పెయింట్ కాదు, అల్యూమినియం మీద అనోడైజింగ్, అంటే కరెంటుతో లోహం మీదే పెంచి రంగు పట్టించిన పలచని పొర. ఘాటైన క్షారం తగిలితే అది కరిగిపోతుంది, ఓవెన్ క్లీనర్, గిన్నెలు కడిగే మెషీన్‌లో వేసే బిళ్లలు లాంటివన్నమాట. నేను మొదట్లో ఒక ఎర్ర పలకను అలాంటి నీళ్లలో వేసి పావుగంట తర్వాత తీస్తే ఎరుపు పోయి బూడిద రంగు లోహం మిగిలింది. దాన్ని మళ్లీ ఎర్రగా చేయించినా అది పాత ఎరుపు కాదు, పక్కన పెడితే ఎవరికైనా తెలిసిపోతుంది. ఇప్పటికీ ఆ పలక చూస్తే బాధేస్తుంది. మిచెల్ ఒంటికి ఉన్నది నల్ల పెయింటే, దాని మీద పాలిష్ రుద్దితే అంచుల దగ్గర లోహం బయటపడుతుంది. సెనేటర్‌కి ఇత్తడి మీద క్రోమ్ పూత, పక్కలు బేకలైట్ అనే పాతకాలపు గట్టి ప్లాస్టిక్.

అసలు మొదట తేల్చుకోవాల్సింది ఇది: ఈ రీలుతో మళ్లీ వేటకు వెళ్తారా, అల్మారాలో పెట్టుకుంటారా? అల్మారాకైతే మురికి తీసి, తుప్పు ఆపి, ఊరుకోండి. అంతకంటే ఏం చేసినా తగ్గించడమే. వేటకైతే లోపల మొత్తం కొత్తగా చేయండి, బయట మాత్రం చెయ్యి వేయకండి. రెండిట్లోనూ బొటనవేలి గుర్తు ఉంటుంది. సేకరించేవాళ్లు కూడా పూత అరిగిన రీలుని అరిగిందనే కొంటారు, పాలిష్ కొట్టి అంకెలు, అక్షరాలు పలచబడిన రీలుని మాత్రం పక్కన పెట్టేస్తారు.

శుభ్రం చేయడానికి గోరువెచ్చని నీళ్లు, గిన్నెల సబ్బు రెండు చుక్కలు, పాత టూత్‌బ్రష్, దూది పుల్లలు చాలు. లోపలి గట్టిపడ్డ గ్రీజుకి మాత్రం కిరోసిన్ లాంటిది కావాలి, అదీ లోహపు భాగాలకే. మిచెల్ బిగుసుకోడానికి కారణం నూటికి తొంభైపాళ్లు ఆ గ్రీజే. ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే అందులోని నూనె ఆరిపోయి మిగిలింది మైనంలా అవుతుంది. దాని మీదే కొత్త నూనె పోసి బలవంతంగా తిప్పకండి, పళ్లు అరిగిపోతాయి. మొత్తం గీకి, కడిగి, ఆరబెట్టి అప్పుడు కొత్త గ్రీజు పలచగా పట్టించండి.

పాతమరలు:

పైన అన్న చెప్పినదాంతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఇంకో సంగతి చెప్తాను, ఈ రీళ్లను చూసే చూపే మారిపోతుంది. ఎర్ర రీలు చేసిన ఆబు కంపెనీ పేరులోనే గడియారాల ఫ్యాక్టరీ అని ఉంది. స్వాంగ్‌స్టా అనే ఊళ్లో 1921లో పెట్టారు, జేబు గడియారాలు, తర్వాత టాక్సీ మీటర్లు చేసి, ఆ చేతులతోనే రీళ్ల పనిలోకి వచ్చారు, అంబాసిడర్ 1952లో వచ్చింది. మిచెల్ చేసిన కార్పానో ఎ పాన్స్ వాళ్లది ఫ్రాన్స్‌లో క్లూజ్ అనే ఊరు, అదీ గడియారాల విడిభాగాలకు పేరుపడ్డదే. అంతకు చాలా ముందే అమెరికాలో, కెంటకీలో జార్జ్ స్నైడర్ అనే ఆయన, హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే స్పూల్ చాలాసార్లు తిరిగే రీళ్లు చేశాడు, ఆయన వృత్తి కూడా గడియారాల పనే. అందుకే నేను రీలు విప్పేటప్పుడు గడియారం విప్పుతున్నాననే అనుకుంటాను. శుభ్రమైన గుడ్డ, మంచి వెలుతురు, సరిగ్గా గాడిలో కూర్చునే స్క్రూడ్రైవర్, తొందరలేని ఒక పూట. వీటిలో ఒక్కటి లేకపోయినా ఆ రోజు మొదలుపెట్టను.

ఎర్రదాన్ని తిరగేసి రాడ్‌కి బిగించే పాదం కింద చూడండి. ఆరంకెల నంబరు ఉంటే మొదటి రెండూ సంవత్సరం, తర్వాతి రెండూ నెల, చివరి రెండూ ఆ మోడల్‌లో ఎన్నో రూపమో చెప్తాయి. ఈ నంబర్లు వేయడం 1970ల్లో మొదలైంది, కాబట్టి అసలు నంబరే లేకపోతే మీది అంతకంటే పాతది అయ్యుండొచ్చు. విడిభాగాలు తెప్పించేటప్పుడు ఈ నంబరు తప్పకుండా చూసుకోండి, పేరు ఒకటే అయినా మధ్యలో చాలా మార్చారు. మిచెల్‌కైతే మోడల్ అంకె చూడండి. 300 అంటే ఎడమ చేత్తో తిప్పేది, 301 అంటే అదే రీలు కుడి చేత్తో తిప్పడానికి చేసింది, వీటి భాగాలన్నీ ఒకదానికొకటి సరిపోవు.

తోలు కేసు గురించి కూడా ఒక మాట. కేసుతో సహా దొరకడం అదృష్టం, దాన్ని జాగ్రత్తగా దాచండి, కానీ రీలుని అందులో పెట్టి మూయకండి. తోలు తేమ పట్టి ఉంచుతుంది, ఇత్తడి భాగాలకు కిలుము ఎక్కేది చాలాసార్లు అక్కడే. కేసు వేరుగా, రీలు వేరుగా ఉంచండి.

ఉప్పునీళ్లు:

సెనేటర్ గురించి నేను చెప్తాను, నా దగ్గర ఆరేడున్నాయి, అన్నీ సముద్రంలో నలిగినవే. పైన ఇద్దరూ పాతదనాన్ని కాపాడమంటున్నారు, నిజమే, కానీ కిలుముని పాతదనం అనుకోవద్దండి. వేలు తగిలి అరిగింది ఆ రీలు చరిత్ర. ఉప్పు వల్ల పచ్చబడింది జబ్బు, అది ఆగదు, క్రోమ్ కిందికి పాకి పూతని పొరలు పొరలుగా లేపేస్తుంది. కాబట్టి పచ్చదనం మొత్తం తీయాల్సిందే. నూనెలో తడిపిన మెత్తటి ఇత్తడి బ్రష్, లేదా పుల్ల కొన పదునుగా చెక్కి దానితో గీకడం. ఇసుక కాగితం వద్దు.

స్క్రూలకి బలం వాడకండి. చొచ్చుకుపోయే నూనె ఒక్కో చుక్క వేసి ఒక రోజు వదిలేయండి, మర్నాడు మళ్లీ ఒక చుక్క. తర్వాత విప్పే వైపు కాకుండా ముందు బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పి చూడండి, ఆ చిన్న కదలికకే ఉప్పు పట్టు విరుగుతుంది. అప్పటికీ రాకపోతే సోల్డరింగ్ ఐరన్ మొన స్క్రూ తల మీద కాసేపు ఆనించండి, తలకే, బేకలైట్‌కి తగలకూడదు. బేకలైట్ వేడికి కరగదు గానీ పెళుసు, జారి కింద పడితే పెంకులా విరుగుతుంది, అందుకే నేను బల్ల మీద దుప్పటి పరుచుకుని కూర్చుంటాను.

ఒకటి మాత్రం సీరియస్‌గా తీసుకోండి. లోపల డ్రాగ్ వాషర్లు ఉంటాయి కదా, చేప లాగినప్పుడు జారుతూ దారం వదిలేవి, పాత రీళ్లలో కొన్నిటికి వాటిలో ఆస్బెస్టాస్ వాడేవారు. చూసి చెప్పడం కష్టం. కాబట్టి పాత వాషర్లను రుద్దకండి, గాలి కొట్టి దుమ్ము లేపకండి, తడిపి తీసి కవర్లో మూసేయండి. వేటకి వాడాలనుకుంటే కార్బన్ ఫైబర్ వాషర్లు వేసుకోండి, పెన్ వాళ్లే హెచ్‌టీ-100 పేరుతో తెచ్చారు, డ్రాగ్ పట్టి పట్టి వదలడం పోయి మెత్తగా జారుతుంది. బయటికి రీలు అదే పాత రీలు, లోపల మాత్రం పెద్ద చేపకి నిలబడుతుంది.

పాత నైలాన్ దారం స్పూల్ మీద ఉంటే ఈ రోజే తీసేయండి, ఆలస్యం వద్దు. బిగించి చుట్టిన నైలాన్ సాగి మళ్లీ ముడుచుకోవాలని చూస్తుంది, ఆ ఒత్తిడికి ప్లాస్టిక్ స్పూళ్లు పగిలిపోవడం నేను చూశాను. తీసిన దారాన్ని చిన్న ముక్కలుగా కత్తిరించి పారేయండి, పక్షుల కాళ్లకి చుట్టుకుంటుంది.

దారపుండ:

నాది చిన్న సలహా. ప్రతి భాగం తీసే ముందు ఫోన్‌తో ఫోటో, తీశాక మళ్లీ ఫోటో. ఐసు ముక్కల ట్రే ఒకటి పెట్టుకుని తీసిన వరసలోనే ఒక్కో గడిలో ఒక్కోటి వేయండి, బిగించేటప్పుడు చివరి గడి నుంచి వెనక్కి రండి. స్ప్రింగు ఉందని అనుమానం ఉన్న చోట రీలుని, మీ రెండు చేతుల్ని పెద్ద పారదర్శక కవర్లో పెట్టి విప్పండి. మిచెల్‌లో దారాన్ని స్పూల్ మీదికి మళ్లించే తీగ (బెయిల్) స్ప్రింగు ఒకసారి ఎగిరితే దొరకదు.

ఇత్తడిచక్రం:

కవర్ మాట బాగుంది. నూనె ఎక్కడ, గ్రీజు ఎక్కడ అన్నది నేను చెప్పడం మరిచాను. పెద్ద పళ్లచక్రాలకు గ్రీజు, వేగంగా తిరిగే స్పూల్ ఇరుసు కొనలకి పలచని నూనె ఒక్క చుక్క. ఎర్రదానిలో స్పూల్ పక్కన కడ్డీల మీద జారే రెండు చిన్న బ్రేక్ ముక్కలు కనిపిస్తాయి, స్పూల్ తిరిగితే అవి బయటికి జరిగి రాసుకుని వేగాన్ని ఆపుతాయి, వాటికి గ్రీజు అంటనివ్వకండి, అంటితే విసిరేటప్పుడు దారం చిక్కుపడుతుంది. వెనక్కి తిరగకుండా ఆపే గుర్రపునాలుక లాంటి ముక్క ఉంటుంది, గ్రీజు ఎక్కువైతే అదీ అతుక్కుని పనిచేయదు. పని అయ్యాక డ్రాగ్ పూర్తిగా వదులు చేసి దాచండి, బిగించి ఉంచితే వాషర్లు నొక్కుకుపోతాయి.

కొత్తగాలం:

రెండు వారాలు పట్టింది, అందుకే ఆలస్యం. అందరికీ చాలా థాంక్స్.

మిచెల్‌లోంచి వచ్చిన గ్రీజు చూస్తే కొవ్వొత్తి ముక్కలు గుర్తొచ్చాయి. కడిగి బిగించాక హ్యాండిల్‌ని వేలితో తోసి వదిలితే తనంతట తనే తిరుగుతోంది, ఆ శబ్దం కోసం రోజుకి పదిసార్లు తిప్పుతున్నాను. సెనేటర్ స్క్రూల్లో ఒక్కటి తప్ప అన్నీ వచ్చాయి, బిగించే వైపు ముందు తిప్పమన్న మాట అక్షరాలా పనిచేసింది, మిగిలినదానికి రోజుకో చుక్క వేస్తూనే ఉన్నాను. డ్రాగ్ వాషర్లు తడిపి తీసి మూసేశాను.

ఎర్రది పాదం కింద 760802 అని ఉంది, అంటే 1976 ఆగస్టు అన్నమాట. దారం పరిచే ముక్క కింద మూత విప్పితే లోపలి పాల్, అంటే కడ్డీ గాడిలో కూర్చుని ఆ ముక్కని అటూ ఇటూ నడిపించే చిన్న నాలుక, బయటికొచ్చింది, దాని మొన ఒక వైపు బ్లేడులా అరిగిపోయింది. అడ్డంగా ఉన్న స్క్రూ కడ్డీ గాడిలో మురికి, తెగిన దారం పీచు కూడా ఉన్నాయి. అవి తీసినా అరిగిన పాల్ అంచు దగ్గర మలుపు తిరగట్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. తోలు కేసుని తుడుస్తుంటే అడుగున మడతపెట్టిన కాగితం దొరికింది, అందులో కొత్త పాల్ ఒకటి, నూనె రాసి దాచినది. ఆయనకి ఫోన్ చేస్తే, మార్చాలనే తెప్పించానయ్యా, కళ్లు సరిగా ఆనక వాయిదా వేస్తూ వచ్చాను, దాని సంగతే మరిచిపోయాను అన్నారు. దీన్ని అలాగే కాగితంలో దాచిపెట్టి వేరేది తెప్పించాలా, లేక దీన్నే వేసేయాలా?

పాతమరలు:

అదే వేయండి. ఆయన ఆ రీలు కోసమే తెప్పించారు. అరిగిన పాల్‌ని అదే కాగితంలో చుట్టి కేసులో పెట్టండి. బిగించే ముందు కడ్డీ గాడిని దూది పుల్లతో మొత్తం తుడిచి పలచని నూనె వేయండి, అక్కడ గ్రీజు వద్దు, ఇసుక పట్టుకుంటుంది. మూత బిగించాక హ్యాండిల్ మెల్లగా తిప్పుతూ రెండు అంచుల దగ్గరా మలుపు తిరుగుతోందో లేదో చూడండి, ఎక్కడైనా పట్టినట్టనిపిస్తే ఆపి మూత కొద్దిగా వదులు చేయండి.

కొత్తగాలం:

వేశాను. రెండు అంచుల దగ్గరా చక్కగా మలుపు తిరుగుతోంది. ఆదివారం ఆయన దగ్గరికి తీసుకెళ్తున్నాను, ఒకసారి ఆయన చేత్తో తిప్పిస్తాను.