స్ట్రెంగ్తెన్ ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు?

రిపోర్టులరాయుడు: తెలుగు రిపోర్టులు ఇంగ్లీష్‌లోకి మార్చే పని నాది. బలపరచడం, బలపడటం, పటిష్ఠం చేయడం, ఏది వచ్చినా అందరూ స్ట్రెంగ్తెన్ అని పడేస్తున్నారు. రీఇన్‌ఫోర్స్, ఫోర్టిఫై, ఇంటెన్సిఫై కూడా ఉన్నాయి కదా, డిక్షనరీ చూస్తే అన్నిటికీ ఇంచుమించు ఒకటే అర్థం ఇస్తోంది. పనిలో మీకు తేడా ఎక్కడ తగిలిందో కాస్త చెప్పండి.

వ్యాకరణంబాబు: మనకి బలపరచు వేరు, బలపడు వేరు. స్ట్రెంగ్తెన్ ఒక్కటే ఆ రెండు పనులూ చేస్తుంది. ఎక్సర్‌సైజ్ స్ట్రెంగ్తెన్స్ మజిల్స్ అనొచ్చు, ద విండ్ స్ట్రెంగ్తెన్డ్ అని దానంతట అదే బలపడినట్టూ అనొచ్చు. రీఇన్‌ఫోర్స్‌కి ఆ వెసులుబాటు లేదు, దేన్ని అన్నది చెప్పాల్సిందే, ద వాల్ రీఇన్‌ఫోర్స్‌డ్ అని వదిలేస్తే వాక్యం అక్కడే ఆగిపోయినట్టుంటుంది.

సైట్ఇంజినీర్: మా దగ్గర ఈ తేడా చాలా క్లియర్‌గా ఉంటుంది. ఆర్‌సీసీ అంటే రీఇన్‌ఫోర్స్‌డ్ సిమెంట్ కాంక్రీట్, అందులో ఆర్ రీఇన్‌ఫోర్స్‌డే. కాంక్రీట్ నొక్కితే బాగా తట్టుకుంటుంది కానీ లాగితే పగిలిపోతుంది, ఆ లాగుడు తట్టుకోడానికి లోపల స్టీల్ వేస్తాం, ఆ స్టీల్‌నే రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటాం. అదే ఎప్పుడో కట్టేసిన పిల్లర్ బలం చాలదని తేలి చుట్టూ కొత్త రాడ్లు కట్టి జాకెటింగ్ చేస్తే, అంటే కాంక్రీట్ తొడుగు వేస్తే, ఆ మొత్తం పనిని స్ట్రెంగ్తెనింగ్ అని రాస్తాం. అంటే రీఇన్‌ఫోర్స్ అన్నప్పుడు బయటి నుంచి ఏదో ఒకటి తెచ్చి కలిపినట్టు, సైన్యానికి అదనపు బలగాలు పంపితే రీఇన్‌ఫోర్స్‌మెంట్స్ అనేదీ అందుకే. స్ట్రెంగ్తెన్‌లో ఎలా చేశావన్నది ఎవరూ అడగరు, బలం పెరిగిందా లేదా అంతే.

మినిట్స్‌మాస్టారు: అసలు ప్రమాదం మీటింగ్ మినిట్స్‌లో ఉంది. తెలుగులో "తీర్మానాన్ని కార్యదర్శి ప్రతిపాదించగా కోశాధికారి బలపరిచారు" అని రాస్తాం కదా, దాన్ని ట్రెజరర్ స్ట్రెంగ్తెన్డ్ ద రిజల్యూషన్ అని మార్చిన డ్రాఫ్ట్ నా టేబుల్ మీదకి వచ్చింది, చదివితే కోశాధికారి తీర్మానంలో మాటలు మార్చి ఇంకా గట్టిగా చేశాడేమో అనిపిస్తుంది. అక్కడ రావాల్సింది సెకండెడ్. అభ్యర్థిని బలపరిచారు అన్నా అంతే, సపోర్టెడ్ అనాలి, ఎవరో ఆయనకి జిమ్ ట్రైనింగ్ ఇచ్చినట్టు రాయకూడదు 😄

వానమబ్బు: అల్పపీడనం బలపడింది అన్నదానికి వాతావరణ బులెటిన్లలో ఎక్కువగా ఇంటెన్సిఫైడ్ అనే ఉంటుంది, స్ట్రెంగ్తెన్డ్ అన్నా తప్పేం కాదు. కానీ నొప్పి, పోరాటం, ఎండ తీవ్రత లాంటివాటికి స్ట్రెంగ్తెన్ అస్సలు అతకదు, ఇంటెన్సిఫై వాడండి, నొప్పికైతే గాట్ వర్స్ అంటే ఇంకా సహజం. ఫోర్టిఫై సంగతి తేలికే, కోటగోడల రక్షణకి ఒకటి, విటమిన్లు కలిపిన ఆహారానికి ఒకటి.

సైకాలజీపిల్ల: రీఇన్‌ఫోర్స్ గురించి నాదో బాధ. నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటే శిక్ష అనుకుని రాసేస్తారు, అది కాదు!! కారులో బెల్ట్ పెట్టుకోగానే ఆ బీప్ బీప్ ఆగిపోతుంది చూడండి, చిరాకు పోయింది కాబట్టి బెల్ట్ పెట్టుకునే అలవాటు బలపడుతుంది, అదీ నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్. పాజిటివ్ అయినా నెగటివ్ అయినా అలవాటు పెరగాల్సిందే, తగ్గిస్తే అది పనిష్‌మెంట్.

డౌటుదొర: వీక్‌కి వీకెన్ ఉంది, మరి స్ట్రాంగ్‌కి స్ట్రాంగెన్ ఎందుకు లేదండీ?

వ్యాకరణంబాబు: చివర వచ్చే ఆ ఈ-ఎన్ (-en) అనే తోక క, ట, డ, ఫ, స లాంటి శబ్దాలతో ముగిసే మాటలకే సాధారణంగా అతుకుతుంది, డార్కెన్, వైడెన్, స్టిఫెన్ అలా. స్ట్రాంగ్, లాంగ్ చివర ఉన్న ముక్కు శబ్దానికి అతకదు, అందుకే స్ట్రెంగ్త్, లెంగ్త్ తీసుకుని వాటికి తగిలించారు. స్పెల్లింగ్‌లో జీ తర్వాత టీ, ఆ తర్వాతే హెచ్, హెచ్ ముందుకి దూకేసిన మెయిల్స్ రోజూ కనిపిస్తాయి.

రిపోర్టులరాయుడు: సెకండెడ్ సంగతి మాత్రం వెంటనే పనికొచ్చింది, మాస్టారూ థాంక్స్. ఇంకొక్కటి, క్లాస్ స్ట్రెంగ్త్ పెరిగింది అని ఉంది, దీనికి స్ట్రెంగ్తెన్ నడుస్తుందా?

మినిట్స్‌మాస్టారు: నడవదు. అక్కడ స్ట్రెంగ్త్ అంటే తలల లెక్క, ఎన్‌రోల్‌మెంట్ ఇంక్రీజ్డ్ అని రాసేయండి.