మసక నీటిలో చేపను చూపగల కెమెరా అమరిక గురించి సలహా కావాలి

నమస్కారం. నేను హైదరాబాద్‌లో మెహిదీపట్నం వాసిని. ప్రతి ఆదివారం మా నాన్నగారితో కలిసి చేవెళ్ల దగ్గర మా మేనమామ గారి చెరువులో గాలం వేస్తుంటాను. డెబ్బై దాటిన నాన్నగారికి ఈమధ్య గాలానికి కట్టిన బెండు కదలిక సరిగ్గా ఆనడం లేదు. చేప ఎర దగ్గరకు వచ్చే తీరును తెర మీద చూపిస్తే ఆయనకు మునుపటి ఉత్సాహం వస్తుందన్న ఆశతో, పదిహేను మీటర్ల తీగ ఉన్న నీటి కెమెరా ఒకటి కొన్నాను.

వానలు పడ్డాక చెరువు నీరు పాలు పోసిన టీ రంగుకు తిరిగింది. కెమెరాకున్న తెల్లని ఎల్‌ఈడీ దీపాలు వెలిగిస్తే, నీటిలో తేలే మట్టి రేణువులు ఆ వెలుగును తిరిగి కటకం వైపే చిమ్మడం వల్ల, తెరంతా పిండి జల్లినట్లు అవుతోంది. ఇన్‌ఫ్రారెడ్ కిరణాలను నీరే త్వరగా పీల్చుకుంటుంది కనుక వాటితోనూ జానెడు దూరం దాటి ఏమీ కనిపించలేదు. దీపాలన్నీ ఆపి, మిట్టమధ్యాహ్నం కెమెరాను ఒక అడుగు లోతున ఉంచినప్పుడు మాత్రం, ఒక శీలావతి చేప తవుడు ముద్దను పెదవులతో తాకి, వదిలి, మళ్లీ తాకడం స్పష్టంగా చూశాము. నాన్నగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

దీపాన్ని కెమెరాకు దూరంగా వేరే కర్రకు కట్టి, పక్కనుంచి వెలుగు పడేలా చేస్తే ఈ మసక తగ్గుతుందా? కొర్రమీను గాలి పీల్చడానికి పైకి వస్తుంది కనుక, దానికోసం కెమెరాను పైకి చూసేలా అమర్చినవారు ఎవరైనా ఉన్నారా? ధ్వని తరంగాలతో చేపను పసిగట్టే సోనార్ పరికరం కొనమని కొందరు అంటున్నారు గానీ, అది చేప ఉనికిని తెలుపుతుందే తప్ప ఎరను ముట్టే తీరును చూపదు. మాకు కావలసింది అదే. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.