సమస్య: పొడుగు వరుసఁ జూచి పొంగె మనసు

నిర్వాహకుడు: బ్రిటన్‌లో స్థిరపడి, ఆ దేశమంతా తిరిగి మురిసిపోయే ఒక పరదేశి గొంతుతో, పై మాటే చివరి పాదంగా పద్యం పూరించండి. పోయినసారి అందరూ అక్కడి వానను తిట్టారు. ఈసారి ప్రేమ కనబడాలి.

పెన్నాతీరం:
రాత్రి డేర వేసి రాకెట్ల యాటకై
చీటి చేతఁ బట్టి చింత వీడి
పచ్చ గడ్డి మీద పరదేశి కూర్చుండ
పొడుగు వరుసఁ జూచి పొంగె మనసు

నిర్వాహకుడు: వింబుల్డన్ టెన్నిస్ టికెట్ల క్యూ! ‘చీటి చేతఁ బట్టి చింత వీడి’ బలే కుదిరింది. అక్కడ తేదీ, వరుస నంబరు వేసిన కార్డు ఇస్తారు కాబట్టి తోసుకోవాల్సిన అవసరమే ఉండదు. రాత్రంతా పార్కులో పడుకున్నా చోటు చోటే.

కలువకొలను: పద్యం నున్నగా ఉంది, ఎప్పటిలాగే. కానీ పొడుగు వరుసను చూస్తే ఎవరికైనా మనసు ఎందుకు పొంగుతుంది? సమస్యలోని ముడి అదే కదా, దాన్ని విప్పలేదు. నా పూరణ:
ముందు నొకఁడె కలఁడు, ముగియని జనధార
వెనుక నిలిచి యుండె; వెఱపు లేదు
తిరిగి చూడఁ గానె తీరె నాయాసమ్ము
పొడుగు వరుసఁ జూచి పొంగె మనసు

నిర్వాహకుడు: వరుసను వెనక్కి తిప్పేశారు! ఈ ఒక్క మలుపుకే వంద మార్కులు.

పెన్నాతీరం: చమత్కారం ఒప్పుకుంటాను. అయితే ఇందులో బ్రిటన్ ఏది? పరదేశి ఏడి? ఏ ఊరి టికెట్ కౌంటరుకైనా సరిపోతుంది.

చలువపందిరి:
థేమ్సు గట్టు వెంట తెల్లవాఱెడు దాఁక
మైళ్ళ కొలఁది నడచి మౌనముగను
రాణి పేటికఁ జూడ రాఁగ నందఱితోడ
పొడుగు వరుసఁ జూచి పొంగె మనసు

పెన్నాతీరం: మూడో పాదంలో గణభంగం, ఛందస్సు లెక్క తప్పింది. ‘పేటికఁ’ భగణం, సూర్యగణం కావాల్సిన చోటు. రెండో పాదంలో ‘మై’కి ‘మౌ’ యతి, అదే అక్షరమైత్రి, కూడా...

కలువకొలను: అక్కడ ఆగండి. అ ఆ ఐ ఔ లకు యతి చెల్లుతుంది. మీరే నాకు నిరుడు పాఠం చెప్పారు.

నిర్వాహకుడు: యతి సరే. ‘రాణి పేటిఁ జూడ’ అంటే గణమూ సరిపోతుంది, అలా సవరించి లెక్కలోకి తీసుకుంటున్నాను. 2022 సెప్టెంబరులో రెండో ఎలిజబెత్ పార్థివదేహాన్ని చూడటానికి ఆ వరుస సదర్క్ పార్కు దాకా సాగింది. ఒక దశలో 24 గంటలకు పైగా పడుతుందన్నారు. చేతికి నంబరు పట్టీ కట్టించుకుని జనం నిలబడ్డారు. మిగతా ఇద్దరూ ‘పొంగె’ను సంతోషానికి వాడితే ఈయన దుఃఖానికి వాడారు. ‘అందఱితోడ’ అన్న మాట నన్ను పట్టేసింది. వరుసలో నిలబడ్డవాణ్ణి ఏ దేశంవాడివని ఎవరూ అడగరు, ముందున్నవాడి తర్వాతవాడు అంతే. ఈ వారం మొదటి స్థానం ఈ పద్యానిదే.

పెన్నాతీరం: గణం తప్పిన పద్యానికా?

కలువకొలను: గణాల గురించి మీరా? వేల్స్‌లో ఆంగ్లసీ ద్వీపం మీది ఆ రైల్వే స్టేషను బోర్డు మీద ఉండే 58 ఇంగ్లీషు అక్షరాల పేరును సీసపద్యంలో దించబోతే ఒక్క పేరే పాదమంతా మింగేసింది, గుర్తుందా?

పెన్నాతీరం: ఆ పేరు చివర ‘గోగోగోఖ్’ అని వస్తుంది, అంతకన్నా సహజమైన అనుప్రాస ఎక్కడుంది? ఆ సీసం ఇంకా పూర్తి కాలేదు. దాని చివర వచ్చే ఎత్తుగీతి రాసి రేపు ఇక్కడే పెడతాను.

చలువపందిరి: పెట్టండి. గణాలు నేను లెక్కపెడతాను.