సెకండాఫ్ జారిపోతే తప్పు ఇంటర్వెల్ బ్యాంగ్‌దా, రైటర్‌దా?

రీలుపెట్టె:
ఫస్టాఫ్ బాగుండి సెకండాఫ్ జారిపోయిన ప్రతి సినిమాకీ "రైటింగ్ తేలిపోయింది" అని ఒక్క ముక్కలో తీర్పు చెప్పేస్తున్నారు. నా ఉద్దేశంలో అసలు దోషం ఇంటర్వెల్ బ్యాంగ్‌ది, అంటే విశ్రాంతికి ముందు పెట్టే పెద్ద దెబ్బది. రెండున్నర గంటల కథలో ప్రేక్షకుడు ఊపిరి బిగబట్టి ఎదురుచూసే ఘట్టం ఒకటే ఉంటుంది. దాన్ని 80వ నిమిషంలో వాడేస్తే మిగిలిన 70 నిమిషాలు దేని మీద నడవాలి?

ఛత్రపతి (2005) తీసుకోండి. శ్రీలంక నుంచి వచ్చి విశాఖ రేవులో బతుకుతున్నవాళ్ళని తొక్కేస్తుంటే శివాజీ ఓర్చుకుంటూ ఉంటాడు. ఎప్పుడు తిరగబడతాడా అని మనం కూర్చుంటాం. తిరగబడతాడు, ఛత్రపతి అవుతాడు, విశ్రాంతి పడుతుంది. అన్నాళ్ళూ పెరిగిన ఒత్తిడి అక్కడితో తీరిపోయింది. తర్వాత నడిచేది తల్లి, సవతి తమ్ముడు అశోక్ కథ. అది చిన్న కథేం కాదు, తల్లి కోసం వెతకడం మొదటి నుంచీ ఉన్నదే. కానీ ఫస్టాఫ్‌లో మనల్ని సీటు అంచుకి తెచ్చింది అది కాదు. విశ్రాంతికి పెద్ద దెబ్బ కావాలన్న నియమం లేకపోతే ఆ తిరుగుబాటు ఇంకా వెనక్కి జరిగేది.

నేలటికెట్:
రీలుపెట్టె గారూ, మీ లెక్క నిజమైతే సమరసింహారెడ్డి (1999), ఇంద్ర (2002) సెకండాఫ్‌లో కూలిపోవాలి. రెండూ బి.గోపాల్ సినిమాలే, రెండింట్లోనూ పెద్ద దెబ్బ ఉంది. కానీ జనం మళ్ళీ మళ్ళీ వెళ్ళింది ఫ్లాష్‌బ్యాక్ కోసమే. ఇంద్రలో కాశీలో శంకర్ నారాయణగా తిరిగే మనిషి అసలు ఎవరో తెలిశాక, అంతటివాడు ఊరొదిలి ఇక్కడెందుకున్నాడన్న ప్రశ్న మొదలవుతుంది.

బ్యాంగ్ రెండు రకాలండీ. ముడి విప్పేది ఒకటి, ముడి వేసేది ఒకటి. సింహాద్రి (2003)లో కంటికి రెప్పలా కాపాడుతున్న సింహాద్రినే ఇందు పొడుస్తుంది. ఎందుకు? ఈ ఒక్క ప్రశ్న చాలు, కేరళలో నడిచే ఫ్లాష్‌బ్యాక్ మొత్తం కదలకుండా చూస్తాం. మీరు చెప్పిన ఛత్రపతిలో బ్యాంగ్ ముడి విప్పేసింది. అంటే తప్పు విశ్రాంతిది కాదు, అక్కడ ఏం పెట్టాలో ఎంచుకున్నవాళ్ళది. విశ్రాంతి కార్డు పడే క్షణంలో ప్రేక్షకుడు ఏ ప్రశ్నతో లేస్తున్నాడో ఒక్క వాక్యంలో రాయలేకపోతే ఆ స్క్రిప్టు సెట్స్ మీదికి వెళ్ళకూడదు.

కత్తెర:
ఇద్దరూ రాత దగ్గరే ఆగారు. ఎడిట్ టేబుల్ దగ్గర బయటపడే కారణాలు వేరేవి ఉన్నాయి, వాటిని లెక్కలోకి తీసుకోవాలి.

మొదటిది నిడివి. ఫస్టాఫ్ 80 నిమిషాలుంటే సెకండాఫ్ 70 దాటకూడదు. రెండు నిమిషాల సీను 30వ నిమిషంలో మామూలుగా ఉంటుంది, అదే సీను 115వ నిమిషంలో నాలుగు నిమిషాలుగా అనిపిస్తుంది. అప్పటికి పాత్రలన్నీ తెలిసిపోయి ఉంటాయి కాబట్టి ప్రేక్షకుడు డైలాగు పూర్తయ్యేలోపే దాని అర్థం అందుకుంటాడు. ఫస్టాఫ్ వేగంతోనే సెకండాఫ్ కట్ చేస్తే జనం కథ కంటే ముందు నడుస్తారు. ల్యాగ్ అని జనం అనేది దీన్నే.

రెండోది షెడ్యూలు. ఇంటర్వెల్ బ్లాక్‌ని తీరిగ్గా, ఎక్కువ రోజులు పెట్టి తీస్తారు. క్లైమాక్స్ చాలాసార్లు చివర్లో పడుతుంది. అప్పటికి రిలీజ్ డేట్ ప్రకటించేసి ఉంటారు, ఆర్టిస్టుల డేట్లు అయిపోతుంటాయి, సీజీ (కంప్యూటర్ గ్రాఫిక్స్) షాట్లు ఆఖరి వారంలో వస్తాయి. ఒక షాటు మూడు సెకన్లు ఉండాలా ఐదు ఉండాలా అన్నది ఫైనల్ సీజీ చూస్తేగాని తెలియదు. అందుకని గ్రే మోడల్ (రంగులు, వివరాలు లేని తాత్కాలిక సీజీ బొమ్మ) చూసి పొడవు ఖాయం చేస్తారు. రీరికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం, ఆ పొడవుకే జరిగిపోతుంది. తర్వాత కత్తిరిద్దామన్నా మ్యూజిక్ తెగుతుందని వదిలేస్తారు.

మూడోది అందరూ చేసే పొరపాటు. సెకండాఫ్ లాగుతోందంటే సెకండాఫ్‌లోనే సీన్లు తీసేస్తారు. అలా పోయేవి ఎక్కువగా క్లైమాక్స్‌కి పునాది వేసే చిన్న సీన్లు. వాటితోపాటు క్లైమాక్స్ బలం కూడా పోతుంది. విసుగు పోగుపడేది మొదటి నుంచీ కాబట్టి ఫస్టాఫ్‌లో కథను కదిలించని లవ్ ట్రాక్ పాట ఒకటి తీసి చూడండి, ముట్టుకోని సెకండాఫ్ కూడా తేలికవుతుంది. సీను తీయకుండా కూడా దారి ఉంది. ప్రతి సీను మొదట్లో లోపలికి నడిచి రావడం, చివర్లో బయటికి వెళ్ళడం కలిపి 5 సెకన్లు కోయండి. 60 సీన్లకి 5 నిమిషాలు తగ్గుతుంది, ఎవరికీ ఏం పోయిందో తెలియదు.

రెండో ఆట:
విశ్రాంతే లేని చోట కూడా సగాలు విడిపోతాయి. స్టాన్లీ క్యూబ్రిక్ ఫుల్ మెటల్ జాకెట్ (1987) దీనికి పెద్ద ఉదాహరణ. 116 నిమిషాల సినిమా. మొదటి 45 నిమిషాలు అమెరికాలోని పారిస్ ఐలాండ్‌లో మెరైన్ల శిక్షణ. డ్రిల్ ఇన్‌స్ట్రక్టర్ హార్ట్‌మన్, అతని చేతిలో నలిగిపోయే పైల్ అనే కుర్రాడు. పైల్ అతన్ని కాల్చి తనూ కాల్చుకుంటాడు. అక్కడి నుంచి వియత్నాం. ఆ మొదటి భాగాన్ని పొగడనివాళ్ళు లేరు, రెండో భాగం తెగిపోయినట్టుందనే వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

కాబట్టి రీలుపెట్టె గారి వాదన నిలవదు. నేలటికెట్ గారి సూత్రం మాత్రం ఇక్కడా సరిపోతుంది: ఇద్దరి మధ్య ముడి 45వ నిమిషంలో విడిపోయింది. అయితే ఒక తేడా ఉంది. క్యూబ్రిక్ రెండో భాగం చివర్లో, హ్యూ నగరంలో స్నైపర్‌గా దొరికిన అమ్మాయి ముందు, పైల్‌తోపాటు శిక్షణ పొందిన జోకర్‌ని నిలబెట్టి, ఆ శిక్షణ మనిషిని ఏం చేసిందో చూపిస్తాడు. మొదటి భాగం లేకపోతే ఆ సీనుకి విలువ లేదు. దాన్ని బలహీనమైన సగం అనడం నాకు సమ్మతం కాదు. రెండు సగాలు రెండు పనులు చేస్తున్నప్పుడు ఒకే కొలబద్దతో కొలవకూడదు.

రీలుపెట్టె:
ముడి వేసే బ్యాంగ్, విప్పే బ్యాంగ్ అన్న తేడాని ఒప్పుకుంటాను. కానీ ముడి వేసినంత మాత్రాన సరిపోదు. బాహుబలి 2 (2017) చూడండి. పట్టాభిషేకం ఘట్టం ముడి వేసేదే. రాజు భల్లాలదేవుడు, జనం అరిచేది బాహుబలి పేరు. దానిపైన కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్న 2015 నుంచీ ఉంది. ఇంతకన్నా బలమైన ప్రశ్న ఏ సెకండాఫ్‌కీ దొరకదు. ఆ బలం మీదే సెకండాఫ్ కట్టప్ప కత్తి దూసేదాకా అద్భుతంగా నడుస్తుంది. తర్వాత? మహేంద్ర బాహుబలి కోట మీదికి వెళ్ళాలి, గెలవాలి. గెలుస్తాడని అందరికీ తెలుసు. ప్రశ్న తీరిపోయాక మిగిలిన యుద్ధం ఎంత ఖర్చుపెట్టి తీసినా బరువు తగ్గుతుంది.

అంటే సమస్య సగానికి సంబంధించింది కాదు, చివరి 30 నిమిషాలది. మనం సెకండాఫ్ బాలేదు అంటున్న సినిమాల్లో చాలావాటికి ప్రీక్లైమాక్స్ వరకూ ఏ రోగమూ లేదు. ఆర్ఆర్ఆర్ (2022) కూడా ఈ కోవదే. విశ్రాంతి దగ్గర రామ్ భీమ్‌ని ఎందుకు పట్టించాడన్న ప్రశ్నకి ఫ్లాష్‌బ్యాక్ సమాధానం ఇస్తుంది. కొరడా దెబ్బల ఘట్టం మొత్తం సినిమాకే శిఖరం. ఇద్దరూ కలిశాక మాత్రం వాళ్ళకి ఎదురు నిలిచే బలం స్కాట్ దొర దగ్గర లేదు. ఒకరికొకరు ప్రత్యర్థులుగా ఉన్నంతసేపే అక్కడ నిజమైన పోరాటం ఉంది.

డాలస్ తెలుగు:
ఒక చిన్న విషయం కలుపుతాను. అమెరికాలో చాలా థియేటర్లలో తెలుగు సినిమాకి విశ్రాంతి ఇవ్వరు. కార్డు పడుతుంది, వెంటనే కథ మళ్ళీ మొదలవుతుంది. క్యాంటీన్ నుంచి జనం తిరిగొచ్చేదాకా ముఖ్యమైన విషయం చెప్పకూడదని మనవాళ్ళు మొదటి 5 నిమిషాలు ఒక పాటో, కామెడీ బిట్టో పెడతారు. విశ్రాంతి లేకుండా చూస్తే బ్యాంగ్ తర్వాత అది గుంతలో పడ్డట్టుంటుంది. ఓటీటీలో చూసేవాళ్ళకీ ఇదే. సెకండాఫ్ మొదలే డల్ అన్న మాట అక్కడి నుంచి పుడుతోందని నా నమ్మకం. ఇప్పుడు రాసేవాళ్ళు ఆ 5 నిమిషాల్లో కనీసం ఫస్టాఫ్ ఫలితం ఎవరి మీద పడిందో చూపించాలి.

రెండో ఆట:
ఫ్లాష్‌బ్యాక్ గురించి కూడా తేల్చుకోవాలి, ఎందుకంటే నేలటికెట్ గారు దాన్ని మందులా చెబుతున్నారు. లియో (2023)లో ఫస్టాఫ్ పట్టంతా ఒకే అనుమానం మీద ఉంది: హిమాచల్‌లో కేఫ్ నడుపుకునే పార్తిబన్ నిజంగా ఒకప్పటి గ్యాంగ్‌స్టర్ లియోనా? దానికి మూలం ఎ హిస్టరీ ఆఫ్ వయొలెన్స్ (2005). అది 96 నిమిషాల సినిమా, హీరో గతాన్ని ఒక్క సీనులో కూడా చూపించదు. భార్య ముఖంలో, కొడుకు ప్రవర్తనలో ఆ గతం కనిపిస్తుంది. లియోలో ఫ్లాష్‌బ్యాక్‌గా పొగాకు ఫ్యాక్టరీ, అన్నదమ్ములు, పాట అన్నీ వచ్చాయి. మనం ఊహించుకున్న గతం కంటే చూపించిన గతం చిన్నదైపోయింది. సింహాద్రిలో మనకి తెలియని కారణం ఉంది కాబట్టి ఫ్లాష్‌బ్యాక్ పనిచేసింది. ఆ మనిషి భయంకరమైనవాడని ముందే తెలిసిపోతే, అదే విషయాన్ని మళ్ళీ 20 నిమిషాలు చూపించి లాభం లేదు.

కత్తెర:
రిలీజయ్యాక ట్రిమ్ చేస్తే సరిపోతుందనుకునేవాళ్ళకి ఒక మాట. సెన్సార్ అయిన కాపీలో మార్పు చేస్తే మళ్ళీ బోర్డుకి తెలియజేయాలి. సౌండ్ మిక్స్ అయిపోయిన సీను మధ్యలో కోస్తే నేపథ్య సంగీతం ఎగిరిపడుతుంది, కాబట్టి సీను మొత్తం తీయడమే సులువు. అంటే ఎడిటర్‌కి చిన్న కత్తెర ఉండదు, గొడ్డలే ఉంటుంది. 1 నేనొక్కడినే (2014) నిడివి విడుదల తర్వాత తగ్గించారు, అప్పటికి మొదటి రోజు మాట ఊరంతా పాకిపోయింది. ట్రిమ్మింగ్ జరగాల్సింది రీరికార్డింగ్‌కి వెళ్ళకముందు, కథ తెలియని పదిమందికి రఫ్ కట్ (తొలి ఎడిట్) వేసి చూపించి. వాళ్ళని అభిప్రాయం అడగకండి. ఎప్పుడు ఫోన్ తీశారో టైమ్‌కోడ్ (సినిమాలో ఎన్నో నిమిషమో) రాసుకోండి.

నేలటికెట్:
కత్తెర గారి రఫ్ కట్ పద్ధతి బాగుంది, కానీ అప్పటికే డబ్బు ఖర్చయిపోయి ఉంటుంది. కాగితం మీదే పట్టుకోవచ్చు. విశ్రాంతి తర్వాతి వన్‌లైన్ ఆర్డర్ (సీనుకి ఒక్క వాక్యం చొప్పున రాసిన జాబితా) తీసుకుని ప్రతి సీను పక్కన రెండే రాయండి: ఎవరికి ఏం కావాలి, ఎవరు అడ్డుపడుతున్నారు. రెండో గడి వరుసగా మూడు సీన్లలో ఖాళీగా ఉంటే ల్యాగ్ అక్కడే ఉంది.

పుష్ప (2021)కి ఇది వేసి చూడండి. ఎర్రచందనం స్మగ్లింగ్‌లో కూలీ నుంచి సిండికేట్ పెద్దదాకా ఎక్కుతున్నంతసేపూ ప్రతి మెట్టు మీదా ఒకడు అడ్డుంటాడు. కొండారెడ్డి, జాలిరెడ్డి, మంగళం శ్రీను. పైకి చేరాక గడి ఖాళీ అవుతుంది, పోలీసు అధికారి షెకావత్ వచ్చేసరికి సినిమా చివరికొచ్చేశాం. అతను గొప్ప పాత్రే, కానీ ఆలస్యంగా దిగాడు. విశ్రాంతి లోపే ఆయన పేరు, ఆయన పద్ధతి ఒక పోలీసు నోట వినిపించి ఉంటే ఆ అరగంట కొత్త సినిమా మొదలైనట్టు ఉండేది కాదు.

రీలుపెట్టె:
పేరు వినిపిస్తే చాలదండీ. వినిపించిన పేరు ఒక గంట తర్వాత ఎవరికీ గుర్తుండదు. షెకావత్ కనబడకపోయినా ఫర్వాలేదు, విశ్రాంతి లోపు అతని వల్ల పుష్పకి ఒక నష్టం జరగాలి. ఒక లోడు పట్టుబడాలి, ఎవరు పట్టించారో తెలియకూడదు. అప్పుడు మీ రెండో గడి సెకండాఫ్ పొడవునా నిండే ఉంటుంది.

నేలటికెట్:
అలా చేస్తే మంగళం శ్రీను చిన్నవాడైపోతాడు. కనిపించని శత్రువు ఒకడున్నాడని తెలిశాక కనిపించే శత్రువుని ప్రేక్షకుడు లెక్కచేయడు. ఫస్టాఫ్‌ని బలి ఇచ్చి సెకండాఫ్‌ని నిలబెట్టినట్టు అవుతుంది. దాన్ని నేను ఒప్పుకోను.