ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్: అంత ఆనందమూ అంత విషాదమూ ఒకే కలం నుంచి ఎలా వచ్చాయి?

ప్రశ్న: బాలసాహిత్య పాఠకురాలు

మా కాలనీ గ్రంథాలయంలో ఆదివారాలు పిల్లలకు కథలు చెబుతుంటాను. కొంతకాలంగా స్వీడన్ రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ పుస్తకాలను ఇంగ్లీషులో చదువుకొని తెలుగులో చెబుతున్నాను. గుర్రాన్ని అమాంతం ఎత్తేసే పిప్పీ అల్లరి విని పిల్లలు విరగబడి నవ్వారు. మూడే మూడు ఇళ్లున్న బుల్లెర్‌బీ పల్లెలోని పిల్లల ఆటపాటలు తమవే అన్నంతగా ఆనందించారు. ఆ తరువాత ‘లయన్‌హార్ట్ సోదరులు’ మొదలుపెడితే, తొలి పేజీలలోనే జబ్బుతో మంచం పట్టిన తమ్ముడూ, వాణ్ణి కాపాడబోయి చనిపోయిన అన్నా ఎదురయ్యారు. పిల్లలు శ్రద్ధగానే విన్నారు కాని, ఒకరిద్దరు తల్లిదండ్రులు మాత్రం ఇంత మరణం పిల్లలకు అవసరమా అని అడిగారు. ఈ రెండు రకాల పుస్తకాలూ ఒకరే రాయడానికి ఆమె జీవితంలో ఏదైనా కారణం ఉందా? ఉద్యోగం చేసుకుంటూనే ఇన్ని పుస్తకాలు ఎలా రాయగలిగారు? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు 1: ఉత్తరాది సాహిత్యాభిమాని

మీ మొదటి ప్రశ్నకు సమాధానం చాలావరకు ఆమె జీవితపు తొలి పాతికేళ్లలోనే దొరుకుతుందని నా నమ్మకం. ఆస్ట్రిడ్ 1907 నవంబరు 14న దక్షిణ స్వీడన్‌లోని స్మోలాండ్ ప్రాంతంలో, విమ్మర్‌బీ పట్టణాన్ని ఆనుకొని ఉన్న నేస్ అనే పొలం ఇంట్లో పుట్టారు. తండ్రి చర్చి భూమిని కౌలుకు తీసుకొని సాగు చేసుకునే రైతు. నలుగురు తోబుట్టువులూ పొలం పనులలో పాలు పంచుకుంటూనే, పని అయిపోగానే చెట్లెక్కి, గడ్డివాములలో దూకి, ఆకలి వేసినప్పుడు మాత్రమే ఇల్లు గుర్తుకొచ్చేలా ఆడుకున్నారు. తమ బాల్యం బాల్యంలా ఉండడానికి భద్రత, స్వేచ్ఛ అనే రెండే కారణమని ఆమె తరువాతి కాలంలో ఎన్నోసార్లు చెప్పారు. బుల్లెర్‌బీ పిల్లల కథలన్నీ అక్కడివే.

ఆ భద్రత పద్దెనిమిదో ఏట ఒక్కసారిగా తెగిపోయింది. ఊరి పత్రికలో పని నేర్చుకుంటున్న రోజులలో, వయసులో తనకంటే ఎంతో పెద్దవాడైన ఆ పత్రిక సంపాదకుని వల్ల ఆమె గర్భవతి అయ్యారు. అతణ్ణి పెళ్లి చేసుకోవడం ఇష్టంలేక, ఊరి మాటలు పడలేక స్టాక్‌హోమ్ వెళ్లి షార్ట్‌హ్యాండూ టైపూ నేర్చుకున్నారు. తల్లిదండ్రుల పేర్లు అధికారులకు తెలియజేయకుండానే కాన్పు జరిగే ఆసుపత్రి డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో ఉందని తెలిసి, అక్కడే 1926 డిసెంబరు 4న కొడుకు లార్స్‌ను కన్నారు. బిడ్డను అక్కడే ఒక పెంపుడు తల్లి చేతిలో పెట్టి తిరిగి రావలసి వచ్చింది. చిన్న గుమాస్తా జీతంలో రైలు ఖర్చుకు డబ్బు కూడబెట్టుకొని, వీలైనప్పుడల్లా వెళ్లి చూసివచ్చేవారు. 1930లో పెంపుడు తల్లి ఆరోగ్యం దెబ్బతినడంతో మూడేళ్లు దాటిన బిడ్డ ఆస్ట్రిడ్ దగ్గరకు వచ్చాడు కాని, వాడు అమ్మ అని బెంగపెట్టుకున్నది కోపెన్‌హాగెన్‌లో మిగిలిపోయిన మనిషి కోసం. కొంతకాలం నేస్‌లో అమ్మమ్మ తాతయ్యల దగ్గర ఉండి, 1931లో ఆమె స్టూరె లిండ్‌గ్రెన్‌ను పెళ్లి చేసుకున్నాకే వాడు తల్లితో స్థిరంగా ఉండగలిగాడు.

ఇది తెలిశాక 1954లో వచ్చిన ‘మియో, నా కుమారా’ చదివి చూడండి. తనను ఇష్టంగా చూడని పెంపుడు తల్లిదండ్రుల దగ్గర పెరిగే బో అనే పిల్లవాడు, ఒక సాయంత్రం పార్కు బల్ల మీద ఒంటరిగా కూర్చొని ఉండగా, తన కోసం అన్నాళ్లూ వెతుకుతున్న కన్నతండ్రి ఏలే రాజ్యానికి చేరతాడు. స్టాక్‌హోమ్‌లోని ఒక పార్కులో ఒంటరిగా కూర్చున్న పిల్లవాణ్ణి చూసినప్పుడు ఆ కథ తట్టిందని ఆమె చెప్పారు. అయితే అటువంటి పిల్లవాణ్ణి రోజూ ఎందరో చూస్తారు. ఆగి చూసినది, బిడ్డను ఒంటరిగా వదలవలసి వచ్చిన తల్లి. ఆనందం రాసిన కలమూ విషాదం రాసిన కలమూ వేరు కావని నేను అనేది అందుకే. పిల్లలకు ఆసరా అంటే ఏమిటో, అది పోతే ఏమవుతుందో, రెండూ ఆమెకు స్వయంగా తెలుసు.

జవాబు 2: ప్రచురణ రంగంలో పనిచేసిన వ్యక్తి

ఉద్యోగం గురించి నేను చెబుతాను, ఎందుకంటే ఆమె జీవితంలో ఎక్కువ మంది పట్టించుకోని భాగం అదే. 1941లో న్యుమోనియాతో పడుకున్న కూతురు కారిన్ అప్పటికప్పుడు ఒక పేరు కల్పించి, పిప్పీ కథ చెప్పమని అడిగితే పుట్టిన కథ అది. కొన్నేళ్లపాటు నోటి మాటగానే సాగింది. 1944 మార్చిలో మంచు మీద జారి కాలు బెణకడంతో ఇంట్లో మంచం మీద ఉండవలసి వచ్చినప్పుడు ఆమె దాన్ని షార్ట్‌హ్యాండ్‌లో రాసి, మే నెలలో కూతురి పదో పుట్టినరోజుకు కానుకగా ఇచ్చారు. బోనియర్స్ అనే పెద్ద ప్రచురణ సంస్థకు ఒక ప్రతి పంపుతూ, దీన్ని చూసి పిల్లల సంరక్షణ అధికారులకు కబురు చేయరని ఆశిస్తున్నానని సరదాగా రాశారు; వారు తిరస్కరించారు. రాబెన్ అండ్ షోగ్రెన్ అనే చిన్న సంస్థ నిర్వహించిన పోటీలో, సవరించిన ఆ రచనకే 1945లో మొదటి బహుమతి వచ్చింది. మరుసటి ఏడాది ఒక పేరున్న ప్రొఫెసర్ పత్రికలో పిప్పీని తీవ్రంగా ఖండించినా పాఠకులు ఆగలేదు. ఆర్థికంగా కుంగిపోయి ఉన్న ఆ సంస్థ నిలదొక్కుకున్నదీ ఈ పుస్తకంతోనే.

1946లో అదే సంస్థలో బాలసాహిత్య సంపాదకురాలిగా చేరి 1970 వరకు పనిచేశారు. ఉదయం పూట మంచం మీదనే కూర్చొని షార్ట్‌హ్యాండ్‌లో రాసుకోవడం, మధ్యాహ్నం నుంచి కార్యాలయంలో ఇతరుల రాతప్రతులు చదవడం, ఇదీ ఆమె దినచర్య. 1952లో భర్త పోయిన తరువాత కూడా ఈ క్రమం చెడలేదు. ఇంకొకరి వాక్యాన్ని ప్రేమతో సరిచేయడం ఎంత శక్తిని తీసుకుంటుందో ఆ పని చేసినవారికే తెలుస్తుంది. తన సొంత పుస్తకాలు లక్షలాది ప్రతులు అమ్ముడవుతున్నప్పటికీ ఆ పనిని ఇరవై ఏళ్లకు పైగా వదలకపోవడాన్ని, ఆమె రచనలతో సమానంగా గౌరవించాలని నా అభిప్రాయం.

జవాబు 3: ఉపాధ్యాయిని

పై ఇద్దరి మాటలకూ కొనసాగింపుగా ఆమె ప్రజాజీవితం గురించి ఒక మాట చెప్పాలి. తన ఆదాయం మీద పన్ను 102 శాతానికి చేరిందని తెలిసి, 1976 మార్చిలో ఎక్స్‌ప్రెస్సెన్ పత్రికలో ఒక కథ రూపంలో నిరసన తెలిపారు. అంతకాలమూ తాను సమర్థిస్తూ వచ్చిన సోషల్ డెమోక్రాట్లు ఆ సెప్టెంబరు ఎన్నికలలో, 44 ఏళ్ల తరువాత అధికారం కోల్పోయారు; దానికి ఉన్న కారణాలలో ఈ కథ కూడా ఒకటని చెబుతారు. ఎనభైకి దగ్గరపడ్డాక కూడా కోళ్లు, ఆవులు, పందులను పెంచే తీరు మీద పోరాడారు, ఫలితంగా 1988లో వచ్చిన జంతు సంరక్షణ చట్టాన్ని ఆమె పేరుతోనే పిలుస్తారు.

నాకు అన్నిటికంటే ముఖ్యమైనది 1978లో జర్మన్ పుస్తక వ్యాపారుల శాంతి బహుమతి అందుకుంటూ చేసిన ప్రసంగం. ప్రసంగం లేకుండా బహుమతి మాత్రం తీసుకొమ్మని అడిగితే, అలాగైతే రానని చెప్పి మరీ చేసిన ప్రసంగమది. అందులో ఒక తల్లి కథ చెప్పారు. తప్పు చేసిన కొడుకును కొట్టడానికి బెత్తం వెతికి తెమ్మని ఆమె వాణ్ణే పంపుతుంది. వాడు ఏడుస్తూ తిరిగొచ్చి, బెత్తం దొరకలేదు, ఇదిగో ఈ రాయితో నన్ను కొట్టు అంటాడు. తల్లి బిడ్డను హత్తుకొని ఏడ్చి, ఆ రాయిని వంటింటి అరలో గుర్తుగా పెట్టుకుంటుంది. మరుసటి ఏడాదే, 1979లో, పిల్లలను ఇంట్లో కూడా కొట్టడాన్ని నిషేధించిన తొలి దేశమైంది స్వీడన్. దండం దశగుణం భవేత్ అన్న మాట ఇప్పటికీ వినిపించే మన బడులలో, 2009 విద్యాహక్కు చట్టం శారీరక శిక్షను నిషేధించిన తరువాత కూడా, ఈ కథను మా ఉపాధ్యాయుల సమావేశాలలో నేను తప్పక చెబుతాను.

మళ్లీ: బాలసాహిత్య పాఠకురాలు

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలండీ. ఇక మిగిలింది ఆ తల్లిదండ్రులకు నేను చెప్పవలసిన సమాధానం. ‘లయన్‌హార్ట్ సోదరులు’ చదవడం కొనసాగించమంటారా?

జవాబు 1: ఉత్తరాది సాహిత్యాభిమాని

కొనసాగించమనే అంటాను. 1973లో ఆ పుస్తకం వచ్చినప్పుడు స్వీడన్‌లో కూడా ఇదే చర్చ జరిగింది, ముఖ్యంగా అన్నదమ్ములిద్దరూ మరో లోకానికి దూకే ముగింపు గురించి. విమ్మర్‌బీ శ్మశానంలో, 1860లో పసితనంలోనే చనిపోయిన ఇద్దరు అన్నదమ్ముల సమాధి మీది ఇనుప శిలువను చూసినప్పుడు ఆ కథకు బీజం పడిందని ఆమె చెప్పారు. పిల్లలు మరణం గురించి ఎలాగూ ఆలోచిస్తారు. ఆ ఆలోచనలో వాళ్లను ఒంటరిగా వదలకూడదన్నదే ఆమె పట్టుదల అని నేను అర్థం చేసుకున్నాను. అయితే చివరి అధ్యాయాన్ని పిల్లల చేతికిచ్చి పంపకుండా మీరే చదివి, తరువాత వాళ్లు అడిగే ప్రశ్నలకు తగినంత సమయం ఉంచుకోండి. ఈమధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్న పిల్లలుంటే ముందుగా వాళ్ల పెద్దలతో మాట్లాడండి. ఇది పూర్తయ్యాక 1981లో వచ్చిన ‘రోన్యా’ తీసుకోవచ్చు. దొంగల నాయకుడి కూతురు తండ్రిని ప్రేమిస్తూనే ఆయన దారిని కాదనే ఆ కథ, పదేళ్లు దాటిన పిల్లలకు చక్కగా నచ్చుతుంది.